ఎన్ని డిగ్రీలు? ఎన్ని గంటలకు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అన్నయ్యా, ముప్పై ఏళ్లు చమురు బావుల దగ్గర పనిచేశావు. పిల్లలకి పనికొచ్చేది ఏదైనా ఒక ఇరవై నిమిషాలు చెప్పు" అన్నాడు. ముప్పై ఏళ్ల సంగతులు ఇరవై నిమిషాల్లో చెప్పలేను. అందుకని ఒక్క చిన్న విషయమే ఎంచుకున్నాను. భూమి లోపల నాలుగైదు కిలోమీటర్ల కిందున్న రాయి ఎంత వేడిగా ఉందో మేము ఎలా తెలుసుకుంటాం అన్నది ఆ విషయం. దాంతోపాటు, అది తెలుసుకోవడంలో నేను చేసిన ఒక తప్పు కూడా చెబుతాను. ఆ తప్పుకి, ఈ బడికి ఒక సంబంధం ఉంది. అది చివర్లో చెబుతాను.

ముందు మన బడి బావి దగ్గర మొదలుపెడదాం. ఇప్పుడు సైకిల్ స్టాండు ఉన్న చోట అప్పట్లో పాతిక అడుగుల బావి ఉండేది. సంక్రాంతి సెలవుల ముందు తెల్లవారుజామున పరేడుకి వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే చేదతో నీళ్లు తోడి ముఖం కడుక్కునేవాళ్లం. ఆ నీళ్లు గోరువెచ్చగా ఉండేవి. అదే బావి నీళ్లు మే నెల మధ్యాహ్నం తాగితే ప్రాణం లేచొచ్చేంత చల్లగా ఉండేవి. చలికాలం వచ్చిందని బావికి ఎవరు చెబుతారా అని మేము ఆశ్చర్యపోయేవాళ్లం.

నిజానికి బావికి ఎవరూ ఏమీ చెప్పలేదు. నీళ్ల వేడి దాదాపు ఏడాది పొడవునా ఒకటే. మారింది మన ఒళ్లు, మన చుట్టూ ఉన్న గాలి. నేల మీది ఎండైనా చలైనా లోపలికి దిగేకొద్దీ బలం తగ్గిపోతుంది. 10, 15 మీటర్లు దాటాక దాని జాడే ఉండదు. అక్కడి వేడి ఆ ఊరి ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. మన కోస్తాలో అది 28 డిగ్రీల దరిదాపు.

అక్కడి నుంచి కిందికి వెళ్లేకొద్దీ వేడి పెరగడం మొదలవుతుంది. రాయలసీమలో వెయ్యి అడుగుల బోర్లు వేసిన రైతుల్ని అడగండి. మోటారు వేసిన కాసేపటికి నీళ్లు కాస్త వెచ్చగా వస్తాయని చెబుతారు. ప్రపంచంలో చాలా చోట్ల సగటున ప్రతి కిలోమీటరుకి 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది.

ఈ వేడి ఎక్కడిది? కొంత భూమి పుట్టినప్పటిది, ఇంకా చల్లారుతున్నది. మిగతాది రాళ్లలో ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం లాంటి మూలకాలు నెమ్మదిగా విచ్ఛిన్నమవుతూ ఇచ్చేది. ఈ వేడి విషయంలో చాలా పెద్ద శాస్త్రవేత్త ఒకరు పొరబడ్డారు. ఆయన లార్డ్ కెల్విన్. లోతుకి వెళ్లేకొద్దీ వేడి ఏ లెక్కన పెరుగుతోందో గనుల కొలతల నుంచి తీసుకుని, భూమి ఇంతగా చల్లారడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో 1862లో లెక్కకట్టారు. 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ల మధ్య అని తేలింది. అసలు వయసు 450 కోట్ల ఏళ్ల పైమాట. కొలతల్లో పెద్ద దోషం లేదు. ఆ కొలతల వెనక ఏం జరుగుతోందన్నదే ఆయనకు పూర్తిగా తెలియలేదు. రేడియోధార్మికత అనేది ఒకటుందని బయటపడింది 1896లో. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

కిలోమీటరుకి ఇన్ని డిగ్రీలని సగటు తెలుసు కదా, లోతుతో గుణిస్తే సరిపోదా అని పిల్లలు అడగొచ్చు. సరిపోదు. మన చిత్తూరు పొరుగున కోలార్ బంగారు గనులున్నాయి. 2001లో మూతపడ్డాయి. అక్కడ 3 కిలోమీటర్లు దాటి కిందికి దిగారు. సగటు లెక్కన అక్కడ 100 డిగ్రీలు దాటాలి. కానీ రాతి వేడి 65 డిగ్రీల దరిదాపులోనే ఉంది. అది చాలా పాత, గట్టి భూఖండం. కింది నుంచి వచ్చే వేడే తక్కువ. మరోవైపు మన కృష్ణా–గోదావరి బేసిన్‌లో 5 కిలోమీటర్ల లోతున 200 డిగ్రీలు దాటిన బావులున్నాయి. రష్యాలో కోలా అనే చోట పరిశోధన కోసం 12,262 మీటర్ల బోరు తవ్వారు. అడుగున 100 డిగ్రీలు ఉంటుందనుకుని మొదలుపెడితే 180 వచ్చింది. అంతకు మించి తవ్వకం సాగకపోవడానికి ఆ వేడి ఒక ముఖ్య కారణం.

రాతి స్వభావం కూడా తేడా తెస్తుంది. వేడిని రాయి ఎంత తేలిగ్గా పోనిస్తుందో దాన్నిబట్టి ఉంటుంది. కింది నుంచి ఒకే వేడి వస్తోందనుకోండి, చదరపు మీటరుకి 60 మిల్లీవాట్లు. గ్రానైటు వేడిని బాగా పోనిస్తుంది. అందులో ఈ లెక్కన కిలోమీటరుకి 20 డిగ్రీలే పెరుగుతుంది. బంకమన్ను గట్టిపడి ఏర్పడిన షేలు రాయి అందులో సగమే పోనిస్తుంది. అందులో కిలోమీటరుకి 40 డిగ్రీలు పెరుగుతుంది. పల్చటి దుప్పటి కప్పుకున్నవాడికి, రెండు బొంతలు కప్పుకున్నవాడికి ఉన్న తేడా లాంటిదే ఇది. గోదావరి డెల్టా కింద కిలోమీటర్ల మందాన అలాంటి బొంతలు పరిచి ఉన్నాయి. కాబట్టి ఊహించి లాభం లేదు. ఏ బావికి ఆ బావిలో కొలవాల్సిందే.

అంత కచ్చితంగా ఎందుకు కొలవాలి? మూడు కారణాలు చెబుతాను. మొదటిది, రాళ్లలో చిక్కుకున్న జీవపదార్థం చమురుగా మారాలంటే సుమారు 60 నుంచి 120 డిగ్రీల వేడిలో చాలా కాలం ఉడకాలి. అంతకు మించితే గ్యాసవుతుంది. పాతిక డిగ్రీలు తప్పు లెక్కేస్తే గ్యాసున్న చోట చమురు కోసం వెతుకుతాం. రెండోది, బావిలోకి దింపే పరికరాలకు ఒక హద్దుంటుంది. అది దాటితే లోపలి ఎలక్ట్రానిక్స్ పనిచేయవు. మూడోది సిమెంటు. దాని సంగతి నా కథలో వస్తుంది.

ఇక కొలత ఎలా జరుగుతుందో చూద్దాం. మా కాలంలో బావిలోకి దింపే పరికరానికి గాజు థర్మామీటర్లు కట్టి పంపేవాళ్లం. అవి ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు లాంటివే. పాదరసం ఎక్కిన చోటే నిలబడిపోతుంది, విదిలిస్తే తప్ప దిగదు. బావిలో అన్నిటికన్నా వేడిగా ఉండేది అడుగు కాబట్టి, పైకి తీశాక కనిపించే అంకె అడుగు వేడి. ఒకటి పగిలినా ఇంకోటి ఉంటుందని రెండు మూడు కట్టేవాళ్లం. వినడానికి చాలా తేలిక. చిక్కు ఎక్కడంటే, ఆ థర్మామీటరు చూసేది రాతి వేడి కాదు. బావిలో ఉన్న మడ్ వేడి.

మడ్ అంటే డ్రిల్లింగ్ చేసేటప్పుడు పంపుతో బావిలోకి తోసే చిక్కటి ద్రవం. గొట్టం లోపలి నుంచి కిందికి పోతుంది. అడుగున బిట్టు దగ్గర బయటపడి, గొట్టానికీ బావి గోడకీ మధ్య నుంచి రాతి పొడిని మోసుకుంటూ పైకొస్తుంది. పైనుంచి చల్లగా దిగిన మడ్ రోజుల తరబడి అడుగు రాతిని చల్లబరుస్తుంది. అడుగున వేడెక్కిన మడ్ పైకొస్తూ పై రాతిని వేడి చేస్తుంది. అంటే మనం తవ్వడం వల్లే అడుగు చల్లబడుతుంది, పై భాగం వేడెక్కుతుంది.

జ్వరంతో ఉన్న పిల్లాడు గ్లాసుడు చల్లటి మజ్జిగ తాగిన వెంటనే నోట్లో థర్మామీటరు పెట్టారనుకోండి. 99 చూపిస్తుంది. థర్మామీటరు అబద్ధం చెప్పలేదు, నోరు అంతే ఉంది. కానీ పిల్లాడి జ్వరం 102. కాసేపు ఆగి చూడాలని ఏ అమ్మయినా చెబుతుంది. బావికీ అంతే. పంపు ఆపాక చుట్టూ ఉన్న రాయి తన వేడిని మెల్లగా బావికి తిరిగిస్తుంది. మొదట గబగబా, తర్వాత నత్తనడకన.

మరి ఎంతసేపు ఆగాలి? ఎడ్వర్డ్ బుల్లార్డ్ అనే ఇంగ్లండు భూభౌతిక శాస్త్రవేత్త 1947లో దీని మీద లెక్కలు కట్టి చూపించారు. మామూలుగా చెప్పుకునే సూత్రం ఏమిటంటే, బావి తవ్వడానికి పట్టిన కాలానికి 10 నుంచి 20 రెట్లు ఆగితే గాని అది అసలు వేడికి దగ్గరకు రాదు. రెండు నెలలు తవ్విన బావికి కనీసం ఏడాదిన్నర పైన. హైదరాబాదులో ఎన్.జి.ఆర్.ఐ. లాంటి పరిశోధన సంస్థల వాళ్లు పాత బోర్లలో, అవి కుదుటపడ్డాక, మీటరు మీటరుకీ వేడి చూస్తారు. మన దేశం కింద వేడి ఎక్కడ ఎంతుందో చెప్పే పటాలు అలా తయారయ్యాయి. కానీ రిగ్గు మీద ఉన్నవాళ్లకి అంత తీరిక ఉండదు. రిగ్గు అద్దె రోజుకి లక్షల్లో ఉంటుంది. ఒక్క రోజులో అంకె చెప్పాలి.

ఇప్పుడు నా కథ. కోస్తాలోనే ఒక బావి. కంపెనీ పేరు, ఊరి పేరు అనవసరం. నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. బావి 3,600 మీటర్లకు చేరింది. అడుగు తవ్వాక ఆరు గంటలు మడ్ తిప్పి, పంపు ఆపి, గొట్టాలు పైకి తీశారు. తర్వాత మేము ఒకదాని తర్వాత ఒకటి మూడు పరికరాలు దింపాం. మూడుసార్లూ థర్మామీటర్లు చూసింది నేనే. మొదటిసారి 116 డిగ్రీలు. రెండోసారి 125. మూడోసారి 131.

నాకు కంగారు పుట్టింది. ఒకే బావి, ఒకే లోతు, ఒకే రోజు. 15 డిగ్రీలు తేడా ఎలా వస్తుంది? థర్మామీటర్లు పాడయ్యాయనుకున్నాను. మూడంకెలూ రాస్తే పైవాళ్లు ప్రశ్నలడుగుతారు, ఈ కుర్రాడికి థర్మామీటరు చూడడం కూడా రాదంటారని భయం. పక్క బావి రికార్డు తీసి చూశాను. అందులో దాదాపు అదే లోతున 115 అని ఉంది. హమ్మయ్య అనుకున్నాను. మన 116 సరైనదే, మిగతా రెండూ తప్పన్నమాట. రికార్డు షీటులో 116 అని రాసి సంతకం పెట్టాను. ఆ షీటులో ఇంకో గడి ఉంది. మడ్ ఆపిన ఎన్ని గంటలకు ఈ వేడి చూశారు అని. పక్క బావి రికార్డులో ఆ గడి ఖాళీ. నేనూ ఖాళీగా వదిలేశాను.

ఆ 116ని బట్టి సిమెంటు కలిపారు. బావి గోడ కూలకుండా ఉక్కు గొట్టం దింపి, దాని వెనక సిమెంటు నింపుతారు. కింది గ్యాసు పైకి ఎగదన్నకుండా కాపాడేది ఆ సిమెంటే. దాన్ని గొట్టం లోపలి నుంచి కిందికి పంపి, అడుగున తిప్పి, వెలుపలికి ఎక్కించాలి. దీనికి కొన్ని గంటలు పడుతుంది. వేడి ఎక్కువైతే సిమెంటు త్వరగా గట్టిపడుతుంది. అందుకని వేడిని బట్టి, గట్టిపడడాన్ని ఆలస్యం చేసే రిటార్డరు అనే మందు కలుపుతారు. 116కి సరిపోయేంత మందు కలిపారు. బావి అంతకన్నా చాలా వేడిగా ఉంది. సిమెంటు ఇంకా గొట్టంలో ఉండగానే పంపు ప్రెషరు ఎగబాకింది. ఆపేశారు. గొట్టం లోపల వందల మీటర్ల పొడవున సిమెంటు రాయైపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. అదొక్కటే అదృష్టం. ఆ రాయిని మళ్లీ తవ్వి తీసి, వెలుపల సిమెంటు అందని చోట సందుల్లోకి ఎక్కించి సరిచేయడానికి తొమ్మిది రోజులు పట్టింది.

సిమెంటు కలిపించిన ఇంజినీరు నాకన్నా పదిహేనేళ్లు పెద్దాయన, వేరే రాష్ట్రం నుంచి వచ్చినాయన. మందు తక్కువ కలిపాడని ఆ సాయంత్రమే ఆయన్ని రిగ్గు నుంచి దింపేశారు. ఆయన సంచి సర్దుకుని జీపెక్కుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. నా నోట్‌బుక్కులో 125, 131 ఉన్నాయి. అప్పటికి నాకు అనుమానం వచ్చింది. అయినా నోరు విప్పలేదు. రెండు రాత్రులు నిద్రపట్టలేదు.

మూడో రోజు పొద్దున, విచారణకి వచ్చిన సీనియర్ జియాలజిస్టు గారి క్యాబిన్‌కి నోట్‌బుక్కు పట్టుకుని వెళ్లాను. జరిగింది చెప్పాను. ఆయన తిట్టలేదు. మూడంకెలూ చూసి, "ఇవి ఎన్ని గంటలకి చూశావు?" అని ఒక్క ప్రశ్న వేశారు. నా దగ్గర సమాధానం లేదు. డ్రిల్లింగ్ షిఫ్టు రిజిస్టరు, మా లాగింగ్ రిజిస్టరు తెప్పించారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే తేలింది. మడ్ ఆపిన 9 గంటలకు 116, 15 గంటలకు 125, 24 గంటలకు 131.

ఆయన గ్రాఫు కాగితం తీశారు. ఆ పద్ధతిని హార్నర్ ప్లాట్ అంటారు. 1951లో హార్నర్ అనే ఆయన దాన్ని చమురు బావుల్లో ప్రెషరు కోలుకునే తీరు చూడడానికి కనిపెట్టారు. ప్రెషరూ వేడీ రాతిలో పాకే తీరుకి గణితం ఒకటే కాబట్టి వేడికీ పనికొస్తుంది. అలాస్కాలో ఒక బావి తవ్వకం వేడి నుంచి ఎలా కోలుకుంటుందో గమనించి లాకెన్‌బ్రూక్, బ్రూవర్ అనే ఇద్దరు 1959లో ఇలాంటి లెక్కనే ప్రచురించారు.

లెక్క మన లాగ్ టేబుల్స్‌తో చేసేదే. అడుగున మడ్ తిరిగిన గంటలకి, ఆపాక గడిచిన గంటలు కలపండి. వచ్చినదాన్ని గడిచిన గంటలతో భాగించండి. మొదటి కొలతకి 6, 9 కలిపితే 15. దాన్ని 9తో భాగిస్తే 1.67. రెండోదానికి 21ని 15తో భాగిస్తే 1.4. మూడోదానికి 30ని 24తో భాగిస్తే 1.25. వీటి లాగరిథమ్‌లు 0.222, 0.146, 0.097. ఇవి అడ్డంగా, వేడి నిలువుగా పెట్టి మూడు చుక్కలు గుర్తించండి. మూడూ ఒకే గీత మీద పడ్డాయి. నేను పాడైపోయాయనుకున్న థర్మామీటర్లు ఒక్క డిగ్రీ కూడా అటూ ఇటూ కాకుండా ఒకే మాట చెబుతున్నాయి.

ఇక ఆలోచించండి. మనం ఎంత ఎక్కువసేపు ఆగితే ఆ భాగహారం ఫలితం 1కి అంత దగ్గరవుతుంది. ఎప్పటికీ ఆగుతూ పోతే సరిగ్గా 1. 1కి లాగరిథమ్ సున్నా. కాబట్టి ఆ గీతని సున్నా దాకా పొడిగిస్తే, అనంతకాలం ఆగితే థర్మామీటరు ఎంత చూపిస్తుందో అది తెలుస్తుంది. ఆయన స్కేలు పెట్టి గీత పొడిగించారు. 143 దగ్గర ఆగింది.

143కీ 116కీ 27 డిగ్రీలు తేడా. పైన 28 డిగ్రీలనుకుంటే, నా అంకె ప్రకారం ఆ ప్రాంతంలో కిలోమీటరుకి 24 డిగ్రీలు పెరుగుతుంది. నిజానికి దాదాపు 32. పక్క బావి 115 ఎలా వచ్చిందో కూడా అప్పుడర్థమైంది. అదీ మజ్జిగ తాగిన వెంటనే చూసిన జ్వరమే. ఒక తప్పు రికార్డు ఇంకో తప్పు రికార్డుకి సాక్ష్యం చెప్పింది.

ఆయన పెన్సిలు కింద పెట్టి అన్నారు: "బాబూ, నీ థర్మామీటర్లలో ఏదీ తప్పు చెప్పలేదు. మూడూ వేర్వేరు అంకెలు చూపించడమే నీకు కావలసిన సమాచారం. నువ్వు దాన్నే కొట్టేశావు."

ఈ పద్ధతికీ లోపాలున్నాయి, అవీ చెప్పాలి. బావిని సన్నటి గీతలాగా ఊహించి చేసిన లెక్క ఇది. బావి వెడల్పు ఎక్కువై, ఆగిన గంటలు తక్కువైతే అసలు వేడికన్నా తక్కువే చూపిస్తుంది. అందుకని 143 అన్నది 'కనీసం ఇంత' అనే అర్థంలో తీసుకోవాలి. ఒకే కొలత ఉంటే గీతే గీయలేం. రాతిలోని నీళ్లో గ్యాసో బావిలోకి వచ్చేలా చేసి పరీక్షించినప్పుడు, ఆ ద్రవం రాతి వేడిని తనతో తెస్తుంది కాబట్టి ఆ కొలతకి ఇంకా విలువెక్కువ. ఇప్పుడు బావి పొడవునా సన్నటి గాజు తీగ దింపి, కాంతితో ప్రతి మీటరు దగ్గరా వేడి చూసే సాధనాలొచ్చాయి. సాధనం ఏదైనా, పంపు ఎప్పుడు ఆపారో రాయకపోతే అంకె మిగులుతుంది గాని అర్థం మిగలదు.

విచారణ రిపోర్టులో నా పేరు రాశారు. ఏడాది ఇంక్రిమెంటు ఆగింది. అది న్యాయమే. సిమెంటు ఇంజినీరు తప్పు లేదని కూడా రాశారు. కానీ ఆయన మళ్లీ ఆ రిగ్గుకి రాలేదు. ఆయన చిరునామా సంపాదించి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మూడో రోజు బదులు మొదటి సాయంత్రమే, ఆ జీపు కదలకముందే నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. ఆ బాకీ అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు మన బడికీ దీనికీ ఉన్న సంబంధం. తొమ్మిదో తరగతిలో మా సైన్సు మాస్టారు ఒక ప్రయోగం చేయించారు. గిన్నెలో మరిగే నీళ్లు పోసి, థర్మామీటరు పెట్టి, చల్లారుతుంటే వేడి రాసుకోమన్నారు. నేను పది అంకెలు చకచకా రాసేసి అందరికన్నా ముందు చూపించాను. నా నోట్‌బుక్కులో ఒకటే నిలువు వరస ఉంది. మాస్టారు అది చూసి, "ఏరా, టైము లేని టెంపరేచరు నాకెందుకురా?" అని వెనక్కి ఇచ్చేశారు. మళ్లీ నీళ్లు కాచుకుని, గోడ గడియారం చూస్తూ అంతా మొదటి నుంచి చేశాను. ఆ రోజు చాలా ఉక్రోషం వచ్చింది. పదేళ్ల తర్వాత ఆ క్యాబిన్‌లో కూర్చుని గ్రాఫు కాగితం చూస్తున్నప్పుడు ఆ మాటే చెవుల్లో వినిపించింది. నేర్పాల్సింది మాస్టారు నేర్పారు. భయం వేసినప్పుడు నేనే మర్చిపోయాను.

పిల్లలకు ఇంకో మాట. ఇది చమురు వాళ్ల గొడవ అనుకోకండి. తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులో వేడినీళ్లు ఉబికి వచ్చాయి. ఆ నీళ్ల వేడితో కరెంటు తీయడానికి సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. పెట్టింది చిన్నదే. దాన్ని పెంచవచ్చా, ఇంకెక్కడ తవ్వాలి, ఎంత లోతుకి వెళ్లాలి అన్నవాటికి జవాబు మళ్లీ ఈ అంకెల్లోనే ఉంది. మనం అప్పుడెప్పుడో తవ్విన వేల బావుల రికార్డులు తిరగేసి, కింద వేడి ఎంతుందో మీరు లెక్కకట్టాల్సి రావచ్చు. అప్పుడు ఆ పాత షీటుల్లో మీరు మొట్టమొదట వెతికేది మాలాంటివాళ్లం ఖాళీగా వదిలేసిన ఆ రెండో గడినే.

అంతదాకా ఆగక్కర్లేదు. మన బడి బావి పూడ్చేశారు గాని, దాని పక్కన బోరుంది. ప్రధానోపాధ్యాయులు అనుమతిస్తే ల్యాబుకి మంచి థర్మామీటర్లు రెండు నేనిస్తాను. జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి బోరు నీళ్ల వేడి చూడండి. మోటారు వేయగానే చూడకండి. మొదట వచ్చేది గొట్టంలో నిలవున్న నీళ్లు, ఎండకి కాగి ఉంటాయి. ప్రతి నిమిషానికీ ఒక కొలత తీసుకోండి. అంకె నిలకడగా అయ్యేదాకా ఆగండి. నీళ్లలో మునిగి ఉండే మోటారైతే అదీ కొంచెం వేడి కలుపుతుంది, ఆ మాట కూడా రాసిపెట్టండి. బోరు లోతెంతో, మోటారు ఎప్పుడు వేశారో రాయండి. ఇద్దరు చూస్తే ఇద్దరికీ వేర్వేరు అంకెలు రావచ్చు. ఏదీ కొట్టేయకండి. రెండూ రాసి, ఎందుకలా వచ్చిందని మాస్టార్ని అడగండి.